శ్రీశైలం: యాత్రాక్రమం నుండి దర్శనీయ స్థలాల జాబితాకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

శ్రీశైల క్షేత్రంలోని శిఖరం, హాటకేశ్వరం, సాక్షి గణపతి, పాతాళగంగ, కైలాసద్వారం మొదలైనవి నేడు పర్యాటకుల చేతిపుస్తకాలలో 'దర్శనీయ స్థలాలు'గా కనిపిస్తున్నాయి. ఇవి విడివిడి స్థలాలుగా కాక, నల్లమల అడవిలో నడిచి వచ్చే యాత్రికుని బాటపై ఒకదాని తరవాత ఒకటిగా వచ్చే మజిలీలుగా రూపొందాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శాసనాలు, పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర', కాలిన్ మెకంజీ రచన, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఇందుకు ఆధారాలు. ఘాట్ రోడ్డు, ఆనకట్ట వచ్చిన తరవాత ఈ క్రమం ఎలా తలకిందులైందో, దానివల్ల చరిత్రకు కలిగిన నష్టమేమిటో వివరించడం, బాటను కూడా ఒక చారిత్రక కట్టడంగా గుర్తించవలసిన అవసరాన్ని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: శ్రీశైలం, శ్రీపర్వతం, నల్లమల, యాత్రాచరిత్ర, కైలాసద్వారం, రెడ్డిరాజులు, విజయనగరం, కాశీయాత్ర చరిత్ర, వారసత్వ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

శ్రీశైలంలో బస్సు దిగిన యాత్రికునికి మొదట ఎదురయ్యేది ఒక జాబితా. సాక్షి గణపతి, హాటకేశ్వరం, పాలధార–పంచధార, శిఖరం, పాతాళగంగ, ఆనకట్ట, అక్కమహాదేవి గుహలు – ఈ పేర్లను ఆటోలవారు, జీపులవారు ఒక్క గుక్కలో అప్పజెబుతారు. సగం రోజులో చూపించి తిరిగి ఆలయం దగ్గర దించుతారు. యాత్రికుడు ఒక్కొక్క చోట పది నిమిషాలు ఆగి, ఫొటో తీసుకొని, తరవాతి చోటుకు వెళ్తాడు. ఏ స్థలం ముందు, ఏది తరవాత అనే ప్రశ్న అక్కడ తలెత్తదు. దారిలో ఏది దగ్గరగా ఉంటే అదే ముందు.

అయితే ఈ స్థలాలను ఎవరు, ఎందుకు, సరిగ్గా అక్కడే ఏర్పరచారు? ఆలయానికి దాదాపు 8 కిలోమీటర్ల దూరాన, అడవిలో ఎత్తైన కొండకొమ్ముపై శిఖరేశ్వరం ఎందుకుంది? భక్తుల హాజరు రాసుకుంటాడని నమ్మే గణపతి ఆలయ ప్రాంగణంలో కాక, దారి పక్కన ఎందుకు కూర్చున్నాడు? జనసంచారం లేని అడవిలో కైలాసద్వారం పేరుతో ఒక రాతి ద్వారం, దాని దిగువన వందలాది మెట్లు ఎందుకు కట్టారు? స్థలాలను జాబితాగా చూసినంతకాలం ఈ ప్రశ్నలకు స్థలపురాణ కథలే సమాధానాలు. వాటిని ఒక బాటపై మజిలీలుగా చూసినప్పుడు చరిత్ర సమాధానం చెబుతుంది.

శ్రీశైలం పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు భాగమైంది. ఇదే జిల్లాలో ఆళ్లగడ్డ సమీపాన ఉన్న అహోబిలం, ఆత్మకూరు మీదుగా సాగే అడవిబాట శ్రీశైల యాత్రాచరిత్రతో గాఢంగా ముడిపడి ఉన్నాయి. కనుక ఈ పరిశీలన ఆలయ ప్రాకారానికి పరిమితం కాకుండా, ఆలయానికి చేర్చే దారులను ప్రధానంగా తీసుకుంటుంది.

2. శ్రీపర్వతం: పేరు, పరిధి

మహాభారత వనపర్వంలోని తీర్థయాత్రా ఘట్టంలో శ్రీపర్వత ప్రస్తావన ఉంది. బాణుని 'కాదంబరి', భవభూతి 'మాలతీమాధవం' శ్రీపర్వతాన్ని సిద్ధులు, సాధకులు ఉండే చోటుగా పేర్కొన్నాయి. విష్ణుకుండిన రాజులు తమను శ్రీపర్వతస్వామి పాదభక్తులుగా శాసనాలలో చెప్పుకొన్నారు. అయితే 'శ్రీపర్వతం' అన్న ప్రతి ప్రస్తావననూ నేటి శ్రీశైలానికే అన్వయించడం సరికాదు. ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనాలలో కనిపించే శ్రీపర్వతం విజయపురి, అనగా నాగార్జునకొండ పరిసరాలకు చెందినది. కృష్ణానది వెంట నల్లమల శ్రేణి పొడవునా ఈ పేరు ఒకప్పుడు వ్యాపించి ఉండి, కాలక్రమాన మల్లికార్జునుని కొండపై స్థిరపడిందని భావించవచ్చు.

ఇక్కడ మన ప్రతిపాదనకు ముఖ్యమైన ఆధారం కర్ణాటకలోని తాళగుంద శాసనం. 5వ శతాబ్దానికి చెందిన ఈ కదంబ శాసనం, మయూరశర్మ పల్లవుల సరిహద్దు రక్షకులను జయించి, శ్రీపర్వత ద్వారం వరకు వ్యాపించిన దుర్గమారణ్యాన్ని ఆక్రమించాడని చెబుతుంది. శ్రీపర్వతాన్ని ఒక్క శిఖరంగా కాక, అడవి, ఆ అడవికి ద్వారం ఉన్న ప్రదేశంగా ఈ శాసనం చూసింది. లోపలికి పోవడానికి నిర్ణీత ప్రవేశమార్గాలున్న విశాల క్షేత్రంగా శ్రీశైలాన్ని భావించే సంప్రదాయానికి ఇది ప్రాచీనమైన జాడ.

తరవాతి సంప్రదాయం ఈ ద్వారాలను స్పష్టంగా లెక్కించింది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన పెన్నా తీరంలోని సిద్ధవటం, పడమట తుంగభద్రా తీరంలోని అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ప్రధాన ద్వారాలు. ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం ఉపద్వారాలు. పటంలో చూస్తే వీటిలో కొన్నింటి మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైగానే ఉంటుంది. ఒక ఆలయానికి ఇంత దూరాన ద్వారాలేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. కాని ఇవన్నీ మైదానం నుండి అడవిలోకి అడుగుపెట్టడానికి ముందున్న చివరి పెద్ద క్షేత్రాలు. ఇక్కడ యాత్రికులు గుంపుగా చేరి, తిండిగింజలు మూటగట్టుకొని, దారి తెలిసినవారిని వెంటబెట్టుకొని బయలుదేరవలసి ఉండేది. అంటే 'ద్వారం' అన్నది పౌరాణిక అలంకారం మాత్రమే కాదు, ప్రయాణ అవసరం నుండి పుట్టిన వ్యవస్థ.

బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలున్న అలంపురం, కాకతీయుల కాలపు శాసనాలు విరివిగా లభించిన త్రిపురాంతకం తమంతట తామే మహాక్షేత్రాలు. అయినా శ్రీశైలం దృష్ట్యా అవి గడపలుగానే గుర్తింపు పొందాయి.

3. నడక, పాట: పండితారాధ్య చరిత్ర సాక్ష్యం

13వ శతాబ్దపు శ్రీశైల యాత్రను తెలుగులో సవిస్తరంగా చిత్రించిన గ్రంథం పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'. ఇందులోని అయిదు ప్రకరణాలలో చివరిది పర్వత ప్రకరణం. ప్రకరణానికి ఆ పేరే రావడం గమనార్హం. శైవులకు 'పర్వతం' అంటే చాలు, అది శ్రీశైలమే.

ఈ ప్రకరణంలో యాత్ర ఒక సామూహిక నడకగా కనిపిస్తుంది. శివరాత్రికి నలుదిక్కుల నుండి వచ్చే భక్తులు, వారు దారిలో పాడే పాటలు, ఆడే ఆటలు, జాగరణ రాత్రి జరిగే ప్రదర్శనలు సోమనాథుడు ఓపికగా నమోదు చేశాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, వెన్నెల పదాలు మొదలైన గేయభేదాల పేర్లు మనకు ఇక్కడే లభిస్తాయి. తెలుగు జానపద గేయచరిత్రకు, తోలుబొమ్మలాట చరిత్రకు పరిశోధకులు ఈ ప్రకరణాన్ని తరచుగా ఆధారం చేసుకోవడానికి కారణం ఇదే.

ఇందులో 'పర్వత పదాలు' అన్న పేరు ప్రత్యేకంగా ఆలోచింపజేస్తుంది. ఒక క్షేత్రానికి నడిచే బాట తనకంటూ ఒక పాటను సృష్టించుకుందన్నమాట. గుంపుగా నడిచేవారికి పాట అలసట తీర్చే సాధనం, అడవిలో ఒకరికొకరు దూరం కాకుండా ఉంచే గుర్తు. వాహనంలో ప్రయాణించేవారికి ఈ అవసరం లేదు. కనుక బాట పోయినప్పుడు ఒక సాహిత్య ప్రక్రియకు ఆశ్రయం కూడా పోతుంది. దర్శనీయ స్థలాల జాబితా ఈ నష్టాన్ని చూపలేదు, ఎందుకంటే పాట ఒక స్థలం కాదు.

4. రాతి మెట్లలో రాజపోషణ

శ్రీశైల క్షేత్రానికి రాజులు చేసిన సేవలను సాధారణంగా గోపురాలు, మండపాలు, మాన్యాల దృష్టితో వివరిస్తారు. దారుల దృష్టితో చూస్తే మరొక క్రమం కనిపిస్తుంది.

రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి (1325–1353) శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించిన వాడుగా ప్రసిద్ధుడు. ఒకటి శైవక్షేత్రం, మరొకటి వైష్ణవక్షేత్రం. రెండూ నల్లమలలోనివే. కాకతీయ సామ్రాజ్యం పతనమైన కల్లోల కాలంలో ఒక కొత్త పాలకుడు తన కీర్తికి ఆధారంగా గోపురాన్ని కాక మెట్లను ఎంచుకున్నాడు. ప్రజలు నడవగలిగే దారి ఉన్నదంటే ఆ దారిపై రక్షణ ఉన్నదని, రక్షణ ఉన్నదంటే రాజు ఉన్నాడని అర్థం. అడవిలోని మెట్టు ఆనాడు రాజ్యాధికారానికి కూడా చిహ్నం.

ఆత్మకూరు వైపు నుండి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వచ్చే కాలిబాట కైలాసద్వారం దగ్గర పీఠభూమిపైకి చేరుతుంది. నాగలూటిలో వీరభద్రాలయం ఉంది. పెచ్చెరువులో నీటి వసతి ఉంది. భీముని కొలను లోతైన లోయ. అక్కడి నుండి కైలాసద్వారానికి నిటారుగా మెట్లెక్కాలి. ఈ మజిలీల అమరికను పరిశీలిస్తే ఒక నియమం స్పష్టమవుతుంది: ఎక్కడ నీరుందో అక్కడ గుడి, ఎక్కడ ఎక్కుడు కష్టమో అక్కడ మెట్లు, ఎక్కడ ఎక్కుడు ముగుస్తుందో అక్కడ ద్వారం. లోయ నుండి ఆయాసంతో ఎక్కి వచ్చినవానికి ఆ రాతి ద్వారం కైలాసానిదే అనిపించడంలో వింత లేదు. కారు దిగి, కొద్ది దూరం నడిచి, పై నుండి ఆ ద్వారాన్ని చూసేవానికి అది పాత రాళ్ల కట్టడం మాత్రమే.

విజయనగర కాలంలో ఇదే ధోరణి కొనసాగింది. రెండవ హరిహరరాయల భార్య విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించింది. కృష్ణానది ఇక్కడ లోతైన గండిలో ప్రవహిస్తుంది. ఉత్తరాన ఉమామహేశ్వరం దిక్కు నుండి వచ్చేవారు నదిని దాటి ఆ గట్టు ఎక్కక తప్పదు. కనుక పాతాళగంగ మెట్లు స్నానఘట్టానికి దారి మాత్రమే కావు, ఉత్తర దిక్కు యాత్రికులకు ప్రవేశమార్గం కూడా. మెట్లు కట్టించిన వ్యక్తి ఒక రాణి కావడం, ఆ వివరం శాసనస్థం కావడం మధ్యయుగ స్త్రీల దానచరిత్రలో నిలువదగిన అంశం.

5. చూపు, నీరు, సాక్ష్యం: తూర్పు బాట క్రమం

త్రిపురాంతకం నుండి దోర్నాల మీదుగా వచ్చే తూర్పు బాటపై మొదట శిఖరేశ్వరం వస్తుంది. తరవాత హాటకేశ్వరం, పాలధార–పంచధార. ఆ తరవాత సాక్షి గణపతి. చివరగా ఆలయం. ఆలయం దాటితే పాతాళగంగ. ఈ క్రమానికి ఒక అంతరార్థం ఉంది.

శిఖరం ఈ ప్రాంతంలో అత్యంత ఎత్తైన చోటు. రోజుల తరబడి చెట్ల నీడన నడిచిన యాత్రికునికి ఆకాశం తెరుచుకొని, దూరాన ఆలయ శిఖరం కనిపించే చోటు ఇదే. శిఖరాన్ని చూస్తే పునర్జన్మ ఉండదన్న నమ్మకం, నంది కొమ్ముల మధ్య నుండి చూసే ఆచారం, నువ్వులు నూరే ఆచారం ఈ తొలి దర్శనం చుట్టూ అల్లుకున్నవే. ఇక్కడ నిలబడి చూస్తే ఆలయం చేరువలోనే ఉందని తెలుస్తుంది. ఒకవేళ శక్తి చాలక అక్కడే ఆగిపోయినా యాత్రాఫలం దక్కుతుందన్న ఊరట కూడా ఈ నమ్మకంలో ఇమిడి ఉంది. వృద్ధులు, రోగులు అధికంగా నడిచిన బాటపై ఇటువంటి విశ్వాసం అత్యంత మానవీయమైనది.

శిఖరం దిగిన తరవాత నీరు కావాలి. పాలధార–పంచధారల వద్ద కొండచరియ నుండి ఎల్లకాలం ఊట నీరు వస్తుంది. శంకరాచార్యులు ఇక్కడ తపస్సు చేశారనీ 'శివానందలహరి'ని రచించారనీ సంప్రదాయం. హాటకేశ్వరాలయం దానికి చేరువలోనే ఉంది. తూర్పు బాట, ఆత్మకూరు–కైలాసద్వారం బాట కలుసుకునే ప్రాంతం కూడా ఇదే కావడం చేత, రెండు దిక్కుల జనం ఇక్కడ ఒక్కటయ్యేవారు.

తరవాత సాక్షి గణపతి. చేతిలో పుస్తకం, గంటం ధరించిన రూపంలో ఈ గణపతి యాత్రికుల రాకను నమోదు చేసి శివునికి నివేదిస్తాడని విశ్వాసం. దారి చివర, ఊరి ముంగిట, వచ్చినవారి పేర్లు రాసుకొనే దేవుడు కొలువై ఉండటం యాత్రావ్యవస్థను దగ్గరగా చూసినవారి ఊహ. అడవిలో పోయినవారు పోగా, చేరినవారి లెక్క ఇక్కడ తేలుతుంది. క్రూరమృగాలు, జ్వరాలు, దొంగలు ఉన్న అడవిని దాటి వచ్చిన మనిషికి 'నీవు వచ్చావు' అని ఒకరు రాసుకోవడం ఎంతటి భరోసాయో ఊహించవచ్చు.

ఈ విధంగా తూర్పు బాట మజిలీలు చూపు, నీరు, సాక్ష్యం, దర్శనం, స్నానం అనే అయిదు అంచెలుగా అమరి ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదాన్ని విడదీసినా దాని అర్థం సగమై పోతుంది.

6. ఆలయ ప్రాంగణం: బాట లోపలికి వచ్చిన తీరు

ఆలయ ప్రాంగణంలోని కట్టడాలపై సమగ్ర పరిశోధనలు వెలువడ్డాయి. ఇక్కడ బాటతో సంబంధమున్నంత వరకు మూడు అంశాలను మాత్రం ప్రస్తావిస్తాను.

మొదటిది వీరశిరోమండపం. అనవేమారెడ్డి దీనిని 1377లో కట్టించాడు. వీరశైవ భక్తులు శిరస్సును, నాలుకను శివునికి అర్పించుకొన్న ఆత్మార్పణ ఆచారానికి ఇది వేదిక. నేటి దృష్టికి భయం గొలిపే ఆచారమైనా, శ్రీశైల యాత్రను తిరిగిరాని యాత్రగా భావించినవారు ఉండేవారని ఈ మండపం గుర్తుచేస్తుంది. ప్రోలయ వేముని మెట్లు, అనవేముని మండపం ఒకే వంశం వారివి. ఒకటి యాత్రను సులభం చేసింది, మరొకటి యాత్రకు చరమగమ్యాన్ని రాతిలో నిలిపింది.

రెండవది ప్రాకార శిల్పాలు. బయటి గోడ పొడవునా ఏనుగులు, గుర్రాలు, వేటలు, యుద్ధాలు, కిరాతార్జున యుద్ధం, భక్త కన్నప్ప, మార్కండేయుడు, నాథసిద్ధుల రూపాలు వరసలుగా చెక్కారు. ఇవి గోడకు లోపల కాక బయటి ముఖాన ఉండటం గమనించాలి. ప్రాకారం చుట్టూ నడిచేవానికి మాత్రమే అవి కథగా కనిపిస్తాయి. ఇది కూడా నడక కోసం చెక్కిన శిల్పమే. నేటి దర్శనపు వరసలు యాత్రికుని నేరుగా గర్భాలయానికి, అక్కడి నుండి నిష్క్రమణ ద్వారానికి చేరుస్తాయి. అధికసంఖ్యాకులు ఈ శిల్పాలను చూడకుండానే వెనుదిరుగుతారు.

మూడవది గోపురాలు, రథవీధి. కొండవీడు విజయం (1515) తరవాతి కాలంలో శ్రీకృష్ణదేవరాయలు శ్రీశైలాన్ని దర్శించి, రథవీధిలో సాలుమండపాలు నిర్మింపజేశాడు. బాటసారులు తలదాచుకోవడానికి, అంగళ్లు పెట్టుకోవడానికి పనికివచ్చే ఈ మండపాల వరస అడవిబాటకు ఊరిలో ముగింపు. 1677లో ఛత్రపతి శివాజీ ఇక్కడికి వచ్చాడు. ఉత్తర గోపురం ఆయన పేరుతో వ్యవహరింపబడుతున్నది. కన్నడ, మరాఠీ, తెలుగు పాలకుల జాడలు ఒకే ప్రాంగణంలో ఉండటానికి కారణం, ఆ మూడు భాషల ప్రజల బాటలు ఇక్కడ కలవడమే.

7. ఇద్దరు యాత్రికులు: మెకంజీ, వీరాస్వామయ్య

18వ శతాబ్దం చివర శ్రీశైలాన్ని చూసిన ఐరోపా వాసి కాలిన్ మెకంజీ. అప్పటికి ఆయన కంపెనీ సైన్యంలో కెప్టెన్. 1794లో ఆయన చేసిన సందర్శన వివరాలు 'ఏషియాటిక్ రీసెర్చెస్' 5వ సంపుటంలో వెలువడ్డాయి. వ్యాస శీర్షికలో ఆయన ఈ క్షేత్రాన్ని 'పర్వతం' అన్న పేరుతోనే పేర్కొన్నాడు. సోమనాథుని కాలపు వాడుక అయిదు వందల ఏళ్ల తరవాత కూడా జనం నోట నిలిచి ఉందని దీనివల్ల తెలుస్తుంది. మెకంజీ కన్ను ప్రధానంగా కట్టడాల మీద, ముఖ్యంగా ప్రాకార శిల్పాల మీద నిలిచింది. ఆయన చూపు కొలతలు తీసే సర్వేయరు చూపు. శ్రీశైలాన్ని చూడదగిన 'వస్తువు'గా వర్ణించిన తొలి రచనలలో దీనిని ఒకటిగా చెప్పవచ్చు.

ఏనుగుల వీరాస్వామయ్య దృష్టి వేరు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. కడప దాటి, అహోబిలం చూసి, ఆత్మకూరు మీదుగా నల్లమలలో ప్రవేశించి శ్రీశైలం చేరాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీల మధ్య దూరం, నీటి వసతి, అంగళ్లు, బోయీలు, దారి కష్టం ప్రధానాంశాలు. ఆయనకు శ్రీశైలం నాగలూటి, పెద్దచెరువు మజిలీల చివర వచ్చే ఊరు. దారి లేకుండా ఆయన క్షేత్రాన్ని వర్ణించలేదు.

ఆయన నమోదు చేసిన మరొక విషయం రాబడి. శ్రీశైల యాత్రికుల నుండి కందనూరు నవాబు తరఫున హాసీలు వసూలు చేసేవారు. ఆ సొమ్ముతో పోలిస్తే ఆలయ పోషణ, దారుల మరమ్మతు శోచనీయంగా ఉండేవి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ పదవీచ్యుతుడయ్యాడు. తరవాతి కాలంలో ఆలయ నిర్వహణ పుష్పగిరి పీఠం చేతికి వెళ్ళింది. వేమారెడ్డి కాలంలో దారి కట్టడం పాలకుని కీర్తి అయితే, నవాబుల నాటికి దారి ఒక ఆదాయ వనరు. రెండు కాలాలలోనూ పాలకుని దృష్టి దారిమీద ఉంది. ఆ దారిలో నడిచే యాత్రికులకు తోడుగా, కాపలాగా ఉన్నవారు చెంచులు. మల్లన్నను చెంచుల అల్లునిగా భావించే కథాసంప్రదాయం, ఆలయ ఉత్సవాలలో వారికున్న పాత్ర ఈ సుదీర్ఘ సంబంధానికి ఫలితాలు. బాట మరుగునపడితే మొదట మరుగునపడేది వీరి చరిత్రే.

8. రహదారి, ఆనకట్ట: తలకిందులైన క్రమం

స్వాతంత్ర్యానంతరం దోర్నాల నుండి ఘాట్ రోడ్డు ఏర్పడి, సుమారు 50 కిలోమీటర్ల అడవిదారి కొన్ని గంటల ప్రయాణమైంది. యాత్ర ప్రజాస్వామికమైంది. శివరాత్రికి, ఉగాదికి మాత్రమే తెరుచుకునే క్షేత్రం ఏడాది పొడవునా అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇది తక్కువ మేలు కాదు. నడవలేనివారికి, పసిపిల్లల తల్లులకు రోడ్డు ఇచ్చిన అవకాశాన్ని చరిత్రకారుడు విస్మరించరాదు.

అయితే రోడ్డు మజిలీల క్రమాన్ని మార్చివేసింది. బస్సు శిఖరం దగ్గర ఆగదు, నేరుగా ఆలయం దగ్గరకు చేరుతుంది. దర్శనం ముగిసిన తరవాత యాత్రికుడు స్థానిక వాహనంలో వెనక్కి బయలుదేరి సాక్షి గణపతిని, హాటకేశ్వరాన్ని, చివరగా శిఖరాన్ని చూస్తాడు. తొలి దర్శనం కావలసింది కడపటి దర్శనమైంది. ఆలయాన్ని దగ్గరగా చూసివచ్చిన కన్ను, దాని శిఖరాన్ని దూరం నుండి వెతుకుతుంది. హాజరు వేసే గణపతి సెలవు ఇచ్చే గణపతిగా మారాడు. ఆచారాలు అవే, క్రమం తిరగబడింది, అర్థం జారిపోయింది.

1960లో పనులు ప్రారంభమై 1980లలో పూర్తయిన శ్రీశైలం ఆనకట్ట మరింత లోతైన మార్పు తెచ్చింది. 885 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టంతో ఏర్పడిన జలాశయం ఎగువన అనేక గ్రామాలను, ఆలయాలను ముంచింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి ఆలయాలు రాయి రాయిగా విప్పి వేరేచోట తిరిగి నిర్మింపబడ్డాయి. ఉపద్వారమైన నివృత్తి సంగమంలోని సంగమేశ్వరం ఏటా నెలల తరబడి నీటిలో మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. మరొక ఉపద్వారమైన ఏలేశ్వరం అంతకుముందే నాగార్జునసాగర్ జలాశయంలో కలిసింది. అంటే శ్రీశైలపు ఎనిమిది ద్వారాలలో కొన్ని ఒక తరం కాలంలోనే నీటిపాలయ్యాయి. ఆలయాలను తరలించగలిగారు, ద్వారాలను తరలించలేకపోయారు. ద్వారమన్నది కట్టడంలో కాక, అది నిలిచిన చోటులో ఉంటుంది.

మరొకవైపు, 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటితమైన నల్లమలలో అడవి రక్షణకు నియమాలు తప్పనిసరి. ఫలితంగా కాలిబాటలు ప్రధానంగా శివరాత్రి, ఉగాది వేళలకు పరిమితమయ్యాయి. ఆ రోజుల్లో కర్ణాటక నుండి వేలాది భక్తులు నేటికీ వెంకటాపురం, నాగలూటి, భీముని కొలను మీదుగా నడిచి వస్తారు. ఇటువంటి నడక ఇంకా మిగిలి ఉండటం పరిశోధకులకు ఒక అవకాశం. దారిలో పాడే పాటలు, చెప్పుకొనే కథలు, మజిలీల పేర్లు సేకరించడానికి సజీవమైన క్షేత్రం మనముందే ఉంది.

9. తులనాత్మక పరిశీలన: రోము

యాత్రాక్రమం దర్శనీయ స్థలాల జాబితాగా మారడం శ్రీశైలానికే ప్రత్యేకం కాదు. ఐరోపాలో రోము నగరం ఇందుకు చక్కని ఉదాహరణ. 12వ శతాబ్దంలో 'మిరాబిలియా ఉర్బిస్ రోమే' అనే లాటిన్ గ్రంథం రోము వింతలను యాత్రికులకు పరిచయం చేసింది. మన స్థలమాహాత్మ్యాల వలెనే అందులో చరిత్ర, ఐతిహ్యం కలగలిసి ఉన్నాయి. 16వ శతాబ్దంలో ఫిలిప్ నేరి ఏడు చర్చీల కాలినడక యాత్రను ప్రజాదరణ పొందేలా చేశాడు. 1585–1590 మధ్య పోపుగా ఉన్న అయిదవ సిక్స్‌టస్ ప్రధాన చర్చీలను కలుపుతూ తిన్నని వీధులు వేయించి, ముఖ్యమైన కూడళ్లలో ప్రాచీన ఈజిప్టు రాతిస్తంభాలను నిలబెట్టించాడు. 19వ శతాబ్దంలో బేడెకర్ చేతిపుస్తకాలు వచ్చి, చూడదగినవాటికి నక్షత్ర గుర్తులు వేశాయి. యాత్ర అంతటితో జాబితా అయింది.

పోలిక ఇంతవరకే. భేదం ఇంకా ముఖ్యమైనది. రోములో యాత్రాపథం నగర వీధిగా మారింది. చేతిపుస్తకం పట్టుకొని తిరిగే పర్యాటకుడు తనకు తెలియకుండానే ఆ పాత బాటపై నడుస్తాడు. బాట పోలేదు, దాని పేరు మాత్రం మరుగునపడింది. శ్రీశైలంలో బాట అడవిలో ఉంది. నడిచేవారు లేకపోతే మెట్ల సందున వేళ్లు దిగి, రాళ్లు కదిలి, కొన్ని దశాబ్దాలలో అది అడవిలో కలిసిపోతుంది. వేమారెడ్డి మెట్లకు రోము వీధికున్న రక్షణ లేదు.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• శ్రీశైలంలో నేడు దర్శనీయ స్థలాలుగా వ్యవహరించే చోట్లు, కాలినడక యాత్రలో ప్రవేశం, తొలిచూపు, నీరు, సాక్ష్యం, దర్శనం, స్నానం అనే అంచెలుగా ఏర్పడ్డాయి.

• తాళగుంద శాసనం నుండి కాశీయాత్ర చరిత్ర వరకు, క్షేత్రాన్ని దారితో కలిపి చూసే దృష్టి అవిచ్ఛిన్నంగా కనిపిస్తుంది.

• ప్రోలయ వేమారెడ్డి, విఠలాంబ వంటివారి సేవలు ప్రధానంగా దారికి చేసినవి. వాటిని ఆలయ నిర్మాణాలకు అనుబంధంగా కాక, స్వతంత్రమైన దానరూపంగా అధ్యయనం చేయాలి.

• రహదారి యాత్రను అందరికీ చేరువ చేసింది, కాని మజిలీల క్రమాన్ని తిరగవేసి వాటి అర్థాన్ని మరుగుపరచింది. జలాశయాలు కొన్ని ద్వారాలను ముంచాయి.

• పరిరక్షణ గుడి, గోపురం, మండపం అనే విడివిడి కట్టడాలకు పరిమితమైతే వాటిని కలిపే బాట ఎవరి లెక్కలోకీ రాదు. ఆత్మకూరు–కైలాసద్వారం బాటను మెట్లు, కొలనులు, మజిలీ గుళ్లతో సహా ఒకే వారసత్వంగా నమోదు చేయవలసి ఉంది.

2021లో ఘంటామఠం పునరుద్ధరణ పనుల్లో రాగిరేకుల శాసనాలు బయటపడ్డాయి. నిత్యం వేలాదిమంది తిరిగే ఊరి నడుమనే ఇంత చరిత్ర దాగి ఉంటే, అడవిలోని మజిలీలలో ఇంకెంత ఉందో ఆలోచించాలి. అందుకు తొలి మెట్టుగా శ్రీశైలంలోని దర్శనీయ స్థలాలను తెలిపే పటంలో ఒక చిన్న మార్పు చాలు. స్థలాల పేర్ల మధ్య ఒక గీత గీసి, అది ఎటు నుండి ఎటు సాగుతుందో బాణం గుర్తుతో చూపాలి. శిఖరం నుండి మొదలయ్యే ఆ గీతను చూసిన యాత్రికుడు, తాను చూస్తున్నవి అయిదారు చోట్లు కావనీ, తరతరాలు నడిచిన ఒకే దారి అనీ గ్రహిస్తాడు.